నాలుగో డౌన్ మరుసటి రోజు

29 జనవరి 2024, సోమవారం, నోవై, మిషిగన్

ఈ ఉదయం మా అబ్బాయి ఇడ్లీ ముట్టకుండా, రాత్రి తాను లెక్కలు వేసుకున్న కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. నిన్న శాంటా క్లారాలో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ లాంటి ఆటలో మా డెట్రాయిట్ లయన్స్ సగం ఆట ముగిసేసరికి 24-7తో ముందుండి, చివరికి 34-31తో శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో ఓడిపోయారు. 1957 తరువాత మళ్ళీ ఛాంపియన్లు కాలేక, సూపర్ బౌల్ అనే ఫైనల్లో ఒక్కసారి కూడా అడుగుపెట్టలేకపోయిన ఈ జట్టుకు ఆ గుమ్మం ఎంత దగ్గరికి వచ్చి దూరమైందో ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆఫీసులో కాఫీ దగ్గర అందరిదీ ఒకటే మాట: కోచ్ డాన్ క్యాంప్‌బెల్ ఆ మూడు పాయింట్లు తీసుకోవలసింది. నేను వాదించలేదు కానీ, రోజంతా ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పది యార్డులు ముందుకు వెళ్ళడానికి నాలుగు అవకాశాలుంటాయి, వాటినే డౌన్లు అంటారు. మూడింటిలో పని కాకపోతే, నాలుగో డౌన్‌లో చాలామంది కోచ్‌లు బంతిని దూరంగా తన్నించి ప్రత్యర్థికి అప్పగిస్తారు, లేదా గోల్ దగ్గరగా ఉంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నించి మూడు పాయింట్లు తెచ్చే ఫీల్డ్ గోల్‌కు ప్రయత్నిస్తారు. నిన్న మూడో క్వార్టర్‌లో 24-10 దగ్గర ఉండగా, ప్రత్యర్థి 28 యార్డుల గీత మీద, ఇంకా రెండు యార్డులు కావలసిన నాలుగో డౌన్‌లో క్యాంప్‌బెల్ తన్నించలేదు, ఆ రెండు యార్డుల కోసం ఆడించాడు. మా క్వార్టర్‌బ్యాక్ గాఫ్ విసిరిన బంతి, దాన్ని అందుకోవలసిన రెనాల్డ్స్ చేతులకు తగిలి జారిపోయింది. నాలుగో క్వార్టర్‌లో 27-24తో వెనకబడి ఉన్నప్పుడు 30 యార్డుల గీత దగ్గర మళ్ళీ అదే తెగువ చూపితే అదీ ఫలించలేదు.

అబ్బాయి కాగితం మీద ఉన్నది మొదటి నిర్ణయం తాలూకు లెక్క. తన్నిస్తే నాలుగింట మూడుసార్లు పడుతుందనుకుంటే రెండు పాయింట్ల పైచిలుకు విలువ. ఆడితే ఆ రెండు యార్డులు దక్కే అవకాశం సగానికి మించి, దక్కితే ఆరు పాయింట్ల టచ్‌డౌన్ ఆశ సజీవంగా ఉంటుంది. పైగా తన్ను తప్పితే ప్రత్యర్థికి బంతి తన్నిన చోటునుంచే, అంటే ఏడెనిమిది యార్డులు మెరుగైన చోటునుంచి దొరుకుతుంది. చివరికి రెండు అంకెలూ దాదాపు సమానంగా తేలాయి. అంత దగ్గరి లెక్కలో ఒక మనిషిని తెలివితక్కువవాడని ఎలా అంటారో నాకు అర్థం కాలేదు.

ఇలాంటి నిర్ణయాలను లెక్కకట్టడానికి బర్క్‌లీ ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ 1998, 1999, 2000 సీజన్ల ఆటల్లో మొదటి క్వార్టర్లను పరిశీలించారు. ఆడటమే మేలని ఆయన లెక్క చెప్పిన నాలుగో డౌన్లు 1,068. వాటిలో 959 సార్లు జట్లు తన్నే దారినే ఎంచుకున్నాయి. ఇంతమంది అనుభవజ్ఞులకు లెక్క రాదని నేను నమ్మను. తన్ను తప్పితే నింద తన్నినవాడిది, తన్నిన తరువాత జట్టు ఓడితే నింద అందరిదీ. కానీ ఆడి విఫలమైతే ఆ నిర్ణయం ఒక్క కోచ్ మెడకు చుట్టుకుంటుంది. గెలుపు అవకాశం కాస్త పెరగడం కన్నా, ఉద్యోగం పోయే అవకాశం కాస్త తగ్గడమే ఇల్లూ పిల్లలూ ఉన్న మనిషికి ఎక్కువగా కనిపిస్తుంది.

2009 నవంబరులో ఇండియానాపొలిస్‌లో న్యూ ఇంగ్లండ్ జట్టు కోచ్ బిల్ బెలిచిక్ 34-28తో ముందుండి, రెండు నిమిషాల చిల్లర మిగిలి ఉండగా, తన సొంత 28 యార్డుల గీత దగ్గర నాలుగో డౌన్‌లో రెండు యార్డుల కోసం ఆడించాడు. బంతి కావలసిన గీతకు కొద్ది దూరంలో ఆగిపోయింది, 35-34తో ఓడిపోయాడు, దేశమంతా విమర్శించింది. అప్పటికే మూడు సూపర్ బౌల్ విజయాలున్న కోచ్ కనుక ఆ దెబ్బకు తట్టుకోగలిగాడు. క్యాంప్‌బెల్ సంగతి వేరు. 2021లో మొదటి సీజన్‌లోనే, మూడే విజయాలున్న బలహీనమైన జట్టుతోనే ఆయన ఇలా ఆడించడం మొదలుపెట్టాడు. ఆ ధైర్యమే ఈ నెలలో ముప్పై రెండేళ్ళ తరువాత మాకు మొదటి ప్లేఆఫ్ గెలుపును తెచ్చిందని నేను అనుకుంటున్నాను. నిన్న ఆట ముగిశాక కూడా ఆ నిర్ణయాల పట్ల విచారం లేదన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర అబ్బాయి, "నాన్నా, నువ్వే కోచ్‌వైతే తన్నించేవాడివా?" అని అడిగాడు. ఈ మధ్యాహ్నమే ఒక సమావేశంలో, కొత్త పద్ధతి మంచిదని తెలిసి కూడా, ఏదైనా పొరపాటు జరిగితే అందరూ నా వైపు చూస్తారన్న భయంతో పాత పద్ధతికే ఓటు వేసి వచ్చాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. తన్నించేవాణ్ణేనని చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కాగితాన్ని మడిచి తన లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాడు.