అలారం బిగించాక అయిదు రాత్రులు

నిన్నటితో వరుసగా నాలుగు రాత్రులు సైరను మోగలేదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంట్లో నేనూ మావారూ ఇద్దరమే. ఆయనకు రెండు చెవులకూ మిషన్లు ఉన్నాయి. పడుకునే ముందు తీసి డబ్బాలో పెడతారు. ఆ తర్వాత తలుపు పగలగొట్టినా ఆయనకు తెలియదు. ఈ వేసవిలో మా వీధిలోనే, పెళ్లికి వెళ్లిన వాళ్ల ఇంట్లో బీరువా ఊడ్చుకుపోయారు. ఆ వారమే బెంగళూరు నుంచి మా అమ్మాయి డబ్బు పంపి, వైర్‌లెస్ అలారం పెట్టించుకోమని పట్టుబట్టింది.

అన్నిటినీ నడిపే పెట్టె, అంటే ప్యానెలు, తలుపులకు అయస్కాంతం సెన్సర్లు రెండు, మనిషి కదలికను పట్టే సెన్సరు ఒకటి, సైరను, రెండు రిమోట్లు. దుకాణం కుర్రాడు గంటలో బిగించేసి, మిగిలింది ఫోనులో చూసుకోమని వెళ్లిపోయాడు.

వైఫై పది నిమిషాల పని. మా ప్యానెలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది. రూటరులో 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు ఉంటే దాని జోలికి పోకండి. ప్యానెలు మనకు ఫోను చేయడానికి అందులో వేసే సిమ్ విషయంలో మాది 2జీ రకం కాబట్టి 2జీ ఉన్న సిమ్మే వేయాలి. 4జీ మాత్రమే ఉన్న సిమ్ వేస్తే ప్యానెలు ఉలకదు పలకదు. సిమ్‌కు పిన్ లాక్ ఉంటే ముందు మామూలు ఫోనులో వేసి తీసేయండి. రీచార్జి గడువు గోడ క్యాలెండరులో రాసి పెట్టుకోండి.

అలారం మోగితే ఎవరికి ఫోను చేయాలో రాసే జాబితా తెరిచి చూద్దును కదా, మొదటి వరుసలో నాకు తెలియని నంబరు ఉంది. ఎవరిదా అని చూస్తే ఆ కుర్రాడిదే. పరీక్ష కోసం వేసి తీయడం మరిచిపోయాడట. పాస్‌వర్డు కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 1234 అలాగే ఉంది. మేం ఊరెళ్తూ అలారం ఆన్ చేసిన ప్రతిసారీ ఆ కబురు ముందు అతని ఫోనుకు వెళ్తుందన్నమాట. అతను మంచివాడే కావచ్చు. కానీ ఇల్లు ఖాళీగా ఉందన్న సంగతి పరాయి మనిషి ఫోనులో ఎందుకు ఉండాలి? బిగించిన రోజే, అతను గేటు దాటకముందే ఆ జాబితా చూడండి. నంబర్లు తుడిచి, పాస్‌వర్డు మార్చండి. మొహమాటపడకండి.

బయటికి వెళ్లడానికి నలభై సెకన్లు, లోపలికి వచ్చి ఆఫ్ చేయడానికి ముప్పై సెకన్లు గడువు పెట్టాను. ఈ గడువు వీధి తలుపుకు మాత్రమే. పెరటి తలుపు తెరుచుకుంటే ఆ క్షణమే మోగాలి, అటునుంచి మేం ఎప్పుడూ రాము. రాత్రి మేం పడకగదిలో ఉంటాం, స్నానాలగది లోపలే ఉంది. అందుకని ఇంట్లో ఉన్నప్పుడు కూడా హాలులోని సెన్సరు పని చేసేలా పెట్టాను. అక్కడితో అంతా అయిపోయిందనుకున్నాను.

మొదటి రాత్రి ఒంటిగంటా నలభైకి సైరను మోగింది. మావారు కదలలేదు. చేతులు వణుకుతుంటే రిమోటు కోసం దిండు కింద తడిమాను. హాలులో ఎవరూ లేరు. తలుపులకు వేసిన గడియలు వేసినట్లే ఉన్నాయి. బయటికి వచ్చేసరికి వీధి వీధంతా లేచి నిలబడి ఉంది. రెండో రాత్రి కూడా అంతే. రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసే ఎదురింటి అబ్బాయి, "టీచరమ్మా, పొద్దున్నే డ్యూటీకి వెళ్లాలమ్మా" అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు. పక్కింటావిడ మాత్రం, "అంత బంగారం ఏముందండీ మీ ఇంట్లో" అంది, పదిమందీ వింటుండగా. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన మనిషిని. వీధిలో తల దించుకుని లోపలికి రావడం అదే మొదటిసారి.

పొద్దున కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. నేను చెబుతుండగానే అటునుంచి, "మేడం, ఇంట్లో సార్ ఉన్నారా? ఒకసారి సార్‌కు ఇవ్వండి" అన్నాడు. ఫోనులో మాట వినపడని మనిషికి ఇవ్వమంటాడు! ఏం చెప్పాలో నాకే చెప్పండి అన్నాను. సెన్సరు చురుకుదనం తగ్గించండి, లేదంటే రాత్రిళ్లు హాలు సెన్సరు ఆపేయండి అన్నాడు. దొంగ వచ్చేది రాత్రి. వచ్చేది హాలు కిటికీలోంచి. దాన్ని ఆపేస్తే ఇక ఆ పెట్టె ఎందుకు?

చురుకుదనం తగ్గించమన్న మాట మరీ అన్యాయం. ఈ సెన్సరు మనిషిని కెమెరాలా చూడదు. మన ఒంటి వేడికీ గోడల వేడికీ ఉన్న తేడా అటూ ఇటూ కదిలితే పట్టుకుంటుంది. తిరుపతి ఎండాకాలంలో పగలు నలభై డిగ్రీలు దాటి, రాత్రి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. గోడ వేడి మన ఒంటి వేడికి దగ్గరయ్యేకొద్దీ సెన్సరుకు మనిషి ఆనడమే కష్టం. అలాంటప్పుడు చురుకుదనం ఇంకా తగ్గిస్తే నిజంగా దొంగ వచ్చినా అది గమ్మున ఉంటుంది. ఈ మాట చెబితే అతను, "సరే మేడం, ఫిర్యాదు నమోదు చేశాను" అని పెట్టేశాడు.

మూడో రాత్రి ఫ్యాను ఆపి, కర్టెన్లు కట్టేసి చూశాను. మళ్లీ మోగింది.

నాలుగో రాత్రి యాప్‌లో సైరను నోరు కట్టేసి, ఫోనుకు కబురు మాత్రం వచ్చేలా పెట్టి కాపలా కూర్చున్నాను. మా పడకగది తలుపుకు గాజు పలక ఉంది. గాజు అవతలి మనిషి వేడి ఈ సెన్సరుకు అందదు. అందుకని తలుపు మూసి, గాజులోంచి చూస్తూ కుర్చీలో కూర్చున్నాను. తెల్లవార్లూ ఏమీ జరగలేదు.

అయిదో రాత్రి రెండు దాటింది. హాలులో సెన్సరు పక్కనే చిన్న బెడ్ లైటు వెలుగుతోంది. దాని చుట్టూ ఈసురోమని నాలుగు పురుగులు. సెన్సరు వెనక సందులోంచి ఒక తల బయటికి వచ్చింది. బల్లి. కాసేపు గొంతు ఆడిస్తూ ఆగింది. తర్వాత ఆ తెల్లటి ప్లాస్టిక్ బుడిపె మీదికి పాకి, అడ్డంగా, తోకతో సహా, సరిగ్గా కంటి మీద నిలబడింది. ఎర్ర దీపం వెలిగింది. నా చేతిలో ఫోను అదిరింది.

పురుగు ఎగిరింది. బల్లి దాని మీదికి దూకింది. మళ్లీ ఎర్ర దీపం.

బల్లిది చల్లటి ఒళ్లు, దానికి సెన్సరు మోగదని అందరూ అంటారు. నేల మీద దూరంగా పాకే బల్లి సంగతి అది. కంటి మీదే పాకితే హాలు సగం మూసి తెరిచినట్లవుతుంది కదా! సెన్సరును లైటు పక్కన పెట్టింది ఎవరు? దుకాణం కుర్రాడే. అక్కడ పాత ఫొటో మేకు తీసిన రంధ్రం ఉంది. కొత్తగా డ్రిల్లు వేసే శ్రమ తప్పుతుందని అందులోనే బిగించాడు. ఆ రంధ్రానికి నేను మూడు రాత్రులు వీధి ముందు దోషిగా నిలబడ్డాను.

బల్లిని చంపమని పక్కింటావిడ సలహా. మా అత్తగారు కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చి, ఆ రోజు నుంచి బల్లి మీద చీపురు ఎత్తనివ్వలేదు. ఆమె పోయినా ఇంట్లో ఆ మాట పోలేదు. అందుకే సెన్సరునే మార్చాను. ఎలక్ట్రీషియనును పిలిచి, లైటుకు ఎదురు మూలలో, ఏడడుగుల ఎత్తున పెట్టించాను. కిటికీ దానికి పక్కకు వచ్చింది. ఎదురుగా నడిచి వచ్చేవాడికంటే అడ్డంగా దాటేవాడిని ఈ సెన్సరు బాగా పడుతుంది, కాబట్టి కిటికీలోంచి దిగినవాడు దాని ముందు అడ్డంగానే నడవాలి. వెనక సందు తెల్ల సిమెంటుతో పూడ్పించాను. బెడ్ లైటు తీసేశాను. తర్వాత పరీక్ష మోడులో పెట్టి కిటికీ నుంచి బీరువా దాకా మెల్లగా, వేగంగా, వంగి నడిచి చూశాను. ప్రతిసారీ పట్టింది. చురుకుదనం ఒక్క మెట్టు కూడా తగ్గించలేదు.

సహాయ కేంద్రం నుంచి నిన్న ఫోను వచ్చింది, ఫిర్యాదు మూసేయవచ్చా అని. కారణం బల్లి, తప్పు మీ మనిషి బిగించిన చోటు, రాసుకోండి అని రెండుసార్లు చెప్పించాను. రాసింది నాకు చదివి వినిపించాకే సరే అన్నాను.

రేపు మావారి చెవుల పరీక్షకు వేలూరు వెళ్లాలి. అలారం బిగించాక ఇంటికి తాళం వేసి ఇద్దరం కలిసి వెళ్లడం ఇదే మొదలు. తాళం వేసిన ఇళ్ల మీద పోలీసులు నిఘా పెట్టే ఎల్.హెచ్.ఎం.ఎస్. యాప్‌లో కూడా వివరాలు నింపుతున్నాను. మావారికి మోకాళ్ల నొప్పి, వీధి తలుపు దాటడానికి నలభై సెకన్లు చాలవు. ఇందాకే అరవై చేశాను.