కేహెచ్ పెరిగింది, పగడాలు పెరగలేదు

శనివారం, ఫ్రిస్కో, టెక్సస్

పొద్దున్న మా పగడాల ట్యాంకులో చూస్తే ఆల్కలినిటీ 8.4 వచ్చింది. ఆల్కలినిటీ అంటే నీళ్ళలో కార్బొనేట్లు, బైకార్బొనేట్లు ఎంత ఉన్నాయో చెప్పే లెక్క, దాన్ని మేము కేహెచ్‌లో కొలుస్తాం. బుధవారం 7.6 ఉంది. మధ్యలో ఏమీ మార్చలేదు. ఆల్కలినిటీ పడిపోకుండా పోసే అదే ద్రావణం, అదే డోసింగ్ పంపు, రోజుకి అదే 43 మి.లీ. ఒకే నీళ్ళని రెండుసార్లు పెట్టినా నా డిజిటల్ చెకర్ 0.2, 0.3 అటూ ఇటూ చెబుతుంది కాబట్టి ముందు దాన్నే అనుమానించాను. అల్మారా వెనకనించి పాత కిట్ తీసి, సిరంజితో చుక్క చుక్కా వేస్తూ కూర్చున్నాను. నీలంగా ఉన్న నీళ్ళు గులాబీ రంగుకి తిరిగేసరికి 8.3. అయితే నిజమే.

ఆ మాటకొస్తే 8.4 భయపడాల్సిన అంకె కాదు. సముద్రంలో దాదాపు 7 ఉంటుంది. 8, 9 మధ్య హాయిగా నడిచే రీఫ్ ట్యాంకులు ఎన్నో ఉన్నాయి. నాకు టెన్షన్ పెట్టింది అది దానంతట అది పెరగడం.

పగడం తన గూడు కట్టుకోవడానికి నీళ్ళలోంచి కాల్షియం, కార్బొనేట్ తీసుకుంటుంది. అలా తీసుకున్నకొద్దీ ఆల్కలినిటీ పడిపోతుంది. రాళ్ళూ ఇసుకా పోను మా ట్యాంకులో నీళ్ళు 60 గాలన్లు ఉంటాయి. అందులో ఉన్న పగడాలు ఎక్కువ ఆక్రోపోరా అనే కొమ్మల రకం, కొన్ని మాంటిపోరా రకం. మామూలుగా రోజుకి 1 కేహెచ్ ఇవి లాగేస్తాయి, పంపు అంతే తిరిగి పోస్తుంది. లెక్క సరిపోతుంది. ఇప్పుడు సరిపోవడం లేదంటే పోసేది పెరగలేదు కాబట్టి లాగేది తగ్గినట్టే. రోజుకి 0.7 కూడా లాగడం లేదేమో.

కాల్షియం కిట్ ఈ వార్త మోసుకురాదు. 1 కేహెచ్ వాడినప్పుడు పగడం వాడే కాల్షియం 7 పీపీఎం (పది లక్షల్లో 7 వంతులు) మాత్రమే. నీళ్ళలో ఉన్న 420లో ఐదారు పీపీఎం తేడా కిట్ పొరపాటులోనే కలిసిపోతుంది. ఆల్కలినిటీ అలా కాదు. నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ, కాబట్టి ఏ తేడా వచ్చినా ముందు అక్కడే బయటపడుతుంది. రోజూ అన్నీ టెస్ట్ చేసే ఓపిక లేనివాళ్ళు ఈ ఒక్కటి చేస్తే చాలని నేను అందుకే అంటాను.

నీలం లైట్లు ఆపి, తెల్ల లైటు పెట్టి, భూతద్దం పట్టుకుని గాజుకి ముక్కు ఆనించాను. ఆక్రోపోరా కొమ్మ కొన ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. అది కొత్తగా పెరుగుతున్న చోటు, రంగునిచ్చే ఆల్గే ఇంకా అక్కడికి చేరి ఉండదు. కొత్తవాళ్ళు దాన్ని చూసి ఊరికే కంగారు పడతారు. ఆరోగ్యంగా ఉన్న కొన గుండ్రంగా, నున్నగా, పల్చటి చర్మం కప్పుకుని ఉంటుంది. మధ్యలో చిన్న గొట్టంలాంటి పాలిప్ (పగడంలోని ఒక్కో చిన్న జీవి) నోరు కనిపిస్తుంది. ఇవాళ వెనక వరసలో ఉన్న నీలం ఆక్రోపోరా మీద రెండు కొనలు అలా లేవు. చర్మం అంచు ఒక గీతలా వెనక్కి జరిగింది, దాని పైన వట్టి సున్నపు ముక్క, గరుగ్గా. ఒకదాని మీద అప్పుడే పచ్చటి నాచు పొర కూడా మొదలైంది. మిగతా కొమ్మంతా బాగానే ఉంది, పాలిప్స్ విచ్చుకునే ఉన్నాయి.

కొనలు కాలడం అంటారు దీన్ని మా వాళ్ళు. చూడగానే ఫాస్ఫేట్ చెకర్ తీశాను. అది ఫాస్ఫరస్‌ని పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు) చెబుతుంది, దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో వస్తుంది. వచ్చింది 1. గుణించి ఏం లాభం, 0.003. సున్నా కింద లెక్క. నైట్రేట్ 1. నాకు కావలసిన ఫాస్ఫేట్ 0.03, ఇంకాస్త ఎక్కువైనా గొడవ లేదు. నెల మొదట్లో మా ఆయన రియాక్టర్ అనే ఫిల్టర్ గొట్టంలో ఫాస్ఫేట్ పీల్చే ఐరన్ గుళికలు కొత్తవి నింపారు. అవి తమ పని తాము బ్రహ్మాండంగా చేశాయి.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. నీళ్ళు ఎంత తేటగా ఉంటే పగడాలకి అంత మంచిదని అనుకుంటారు. నిజమే, పగడపు దిబ్బల మీద సముద్రపు నీళ్ళలో కరిగి ఉండే నైట్రేట్, ఫాస్ఫేట్ చాలా చాలా తక్కువ. కానీ అక్కడ రాత్రీ పగలూ ప్లాంక్టన్ కొట్టుకొస్తూనే ఉంటుంది, చేపల గుంపులు కొమ్మల మధ్యే తిని అక్కడే విసర్జిస్తుంటాయి. కరిగిన ఎరువు లేదు గానీ తిండికి లోటు లేదు. మా ట్యాంకులో ఉన్నవి ఆరు చేపలు, నురగతో మురికి లాగేసే పెద్ద స్కిమ్మర్, పైగా ఐరన్ గుళికలు. నీళ్ళు మాత్రం సముద్రంలాగే తేట. తిండి మాటేమిటి?

తిండి లేని పగడానికి ఆల్కలినిటీ ఎక్కువ ఇస్తే ఏమవుతుందో మా హాబీలో ఒక వివరణ చెప్పుకుంటారు. సున్నం కట్టడం తొందరపడుతుంది, దాని మీద కప్పాల్సిన కండకి మాత్రం ఫాస్ఫరస్, నైట్రోజన్ కావాలి, అవి లేక వెనకబడుతుంది, కొన బయటపడుతుంది. అందుకే జియోలైట్‌తోనో, వెనిగర్ పోసో పోషకాలు బాగా తగ్గించి నడిపేవాళ్ళు ఆల్కలినిటీని 7, 8 మధ్యే ఉంచుకుంటారు. నైట్రేట్ 10, 15 ఉన్న ట్యాంకులో 10 కేహెచ్‌తో పగడాలు గుబురుగా పెరుగుతుంటే, అది చూసి తేటనీళ్ళ ట్యాంకులో అదే అంకె పెట్టేవాళ్ళంటే నాకు చిరాకు. ఫాస్ఫేట్ ఎంతో అడగకుండా కేహెచ్ ఎంత పెట్టాలో చెప్పేవాళ్ళ సలహా నేను వినను.

ఆల్కలినిటీ పెరిగితే పెరుగుదల పెరగడం అబద్ధమేమీ కాదు. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో వన్ ట్రీ అనే దీవి ఉంది. అక్కడి దిబ్బ మీదికి వచ్చే నీళ్ళలో శాస్త్రవేత్తలు సోడియం హైడ్రాక్సైడ్ కలిపి, పరిశ్రమలు రాకముందు సముద్రం ఎలా ఉండేదో దానికి దగ్గరగా తెచ్చారు. దిబ్బ సున్నం కట్టే వేగం సుమారు 7 శాతం పెరిగింది. 2016లో నేచర్ పత్రికలో వచ్చింది. అయితే అది తిండి పుష్కలంగా ఉన్న దిబ్బ. నాది ఉపవాసం చేస్తున్న గాజుపెట్టె.

ఇంతలో నాన్న ఫోన్. మాకు పొద్దున్న ఎనిమిది అంటే అక్కడ సాయంత్రం, చెరువు గట్టు మీద నించి వీడియో కాల్ చేస్తారు. భీమవరం దగ్గర వనామి రొయ్యలు మావి. "ఏమ్మా, మీ చెరువెలా ఉంది?" అని అడగడం ఆయనకి అలవాటు. కేహెచ్‌లో చెబితే ఆయనకి ఎక్కదు, 17.9తో గుణించి పీపీఎంలో చెప్పాలి.

"136 ఉండేది నాన్నా, 150కి వచ్చింది. నేనేం ఎక్కువ వెయ్యలేదు."

"150కే కంగారా? మాకు ల్యాబ్‌లో బైకార్బొనేట్లు 150 కన్నా తగ్గితే సోడా బస్తాలు దింపుతాం."

"వెయ్యకుండానే పెరుగుతోంది నాన్నా, అదీ నా బాధ."

ఆయన ఒక్క క్షణం ఆగారు. వెనకాల ఏరేటర్ల చప్పుడు. "అయితే చెక్ ట్రేలో మేత మిగిలినట్టేగా. ట్రే ఎత్తితే మేత మిగిలుందనుకో, ముందు మేత తగ్గిస్తాం. ఆ తరవాత రొయ్య ఎందుకు తినట్లేదో చూసుకుంటాం. నువ్వూ అదే చెయ్యి."

నేను నాలుగు పేజీలు రాసినా ఇంత బాగా చెప్పలేను. "అమావాస్య దగ్గరికొచ్చింది, రొయ్య పెంకు వదిలే టైము, మినరల్స్ చల్లించాలి" అంటూ ఫోన్ పెట్టేశారు. పెంకు గట్టిపడేటప్పుడు మాకు పగడాలు లాగినట్టే ఆయనకి రొయ్యలు కాల్షియం లాగుతాయి. ఎకరాల చెరువుకీ 60 గాలన్ల పెట్టెకీ కొలత తేడా, అంతే.

పంపుని 43 నించి 22 మి.లీ.కి తగ్గించాను. లాగేది 0.7 అనుకుంటే, పోసేది 0.5, రోజుకి 0.2 చొప్పున దిగుతుంది. నాలుగైదు రోజుల్లో మళ్ళీ 7.6. కొంతమంది పంపు పూర్తిగా ఆపేసి తొందరగా దించేస్తారు. పగడానికి ఎక్కువ అంకెతో ఎంత ఇబ్బందో, ఊగిసలాటతో అంతకన్నా ఎక్కువ ఇబ్బంది. కాల్షియం ద్రావణం కూడా అంతే తగ్గించాను, రెండూ జోడుగా నడవాలి. ఐరన్ గుళికల రియాక్టర్ ఆపేశాను. స్కిమ్మర్ రాత్రిపూట మాత్రమే నడుస్తుంది. చేపలకి ఒకపూట బదులు రెండుపూటలా తిండి. ఫాస్ఫేట్ సున్నా దగ్గర ఎక్కువ కాలం ఉంటే డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవుల గోధుమరంగు జిగురు పట్టుకుంటుందన్న భయం ఒకటి ఉండనే ఉంది, కాబట్టి ఈ విషయంలో ఆలస్యం చెయ్యదలచుకోలేదు.

మా ఆయనకి మాత్రం పీహెచ్ మీద బెంగ. ప్రోబ్ ఆయన ఫోన్‌కి అలర్ట్ పంపుతుంది. కిందటి ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం, ముప్ఫై మందిదాకా వచ్చారు, ఏసీ కోసం తలుపులన్నీ మూసేశాం. హారతి టైముకి పీహెచ్ 7.7. ఆయన ఓ పక్క ప్రసాదం పంచుతూ, "బఫర్ పౌడర్ వెయ్యనా?" అని నన్ను గిల్లారు. వద్దని కళ్ళతోనే చెప్పాను. జనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కలిస్తే పీహెచ్ పడుతుంది గానీ, ఆల్కలినిటీ మారదు. దానికి మందు కిటికీ తెరవడం. ఆ పౌడర్ ఆల్కలినిటీని పెంచుతుంది, వేసి ఉంటే ఆ రోజే కేహెచ్ 9 దాటేది. వాళ్ళంతా వెళ్ళి పెరటి తలుపు తీశాక, రాత్రికి పీహెచ్ 8 దాటింది.

మధ్యాహ్నం ద్రావణం కలిపే పని. డోసు తగ్గించినా డబ్బా అడుగంటింది. వంట సోడా 594 గ్రాములు తూచి, వెడల్పాటి ట్రేలో పల్చగా పరిచి, 300 ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు అవెన్‌లో పెట్టాను. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పోయి బైకార్బొనేట్ కాస్తా కార్బొనేట్ అవుతుంది, అంటే వంట సోడా బట్టల సోడాగా మారుతుంది. ఇది పోస్తే పీహెచ్ కూడా కొంచెం లేస్తుంది, ఎప్పుడూ తలుపులు మూసుకుని ఉండే ఇంటికి అదే కావాలి. తీశాక తూచితే 375 గ్రాములు. మూడో వంతు పైనే గాలిలో కలిసిపోయింది. చూడ్డానికి మాత్రం ఏమీ తేడా లేదు, అదే తెల్ల పొడి. వేళ్ళతో నలిపితే కాస్త గరుగ్గా తగులుతుంది, అంతే. దాన్ని గాలన్ ఆర్‌ఓ నీళ్ళలో వేస్తే వెంటనే కరగదు, అడుగున రాయిలా గట్టిపడుతుంది. కలుపుతూనే ఉండాలి. చేత్తో తడిమితే గిన్నె వెచ్చగా ఉంది.

అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చి "కేకు చేస్తున్నావా అమ్మా?" అని ఆశగా అడిగారు. కాదని చెప్పి, పనిలో పనిగా కాలిన కొనలు చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "ఇవి కుజుడికి ఉంగరంలో పెట్టుకునే పగడాలేనా?" అన్నారు. కాదు, ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో దొరికే వేరే జాతి, దిబ్బలు కట్టదు. "అయితే వీటిని హైదరాబాద్ తీసుకెళ్ళలేమా, మీ మరిది అడుగుతున్నాడు." తీసుకెళ్ళకూడదు అత్తయ్యా. మన దగ్గర రాతి పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులితో సమానం. మరిది క్లౌన్ చేపలతో సరిపెట్టుకోవాలి. పులి మాట విన్నాక ఆవిడకి ట్యాంకు మీద గౌరవం పెరిగింది. సాయంత్రం చేపల తిండి తాను వేస్తానన్నారు. ఆవిడ చేతికి కొలత తెలీదు, గుప్పెడు గుప్పెడు వేస్తారు. ఈ వారానికి సరిగ్గా అలాంటి చెయ్యే కావాలి, నేనేం అనలేదు.

రేపు నీళ్ళు మార్చే రోజు, కానీ మార్చను. కొత్తగా తెచ్చిన ఉప్పు కలిపి చూస్తే కేహెచ్ 11 దాటింది. పెరుగుదల ఎక్కువ కావాలనుకునేవాళ్ళ కోసం చేసిన రకం అది. నాకు కావలసిన రకంలో 8 లోపే ఉంటుంది, బకెట్ రంగు చూసుకోకుండా షాపువాళ్ళు ఇది పంపారు. పదిహేను గాలన్లు మారిస్తే ట్యాంకు మళ్ళీ 9కి ఎగబాకుతుంది. ప్లేనోలో ఉండే ఫ్రెండ్‌కి ఫోన్ చేసి బకెట్ తీసుకెళ్ళమన్నాను. వాళ్ళ ట్యాంకు నిండా మెత్తటి పగడాలు, పన్నెండు చేపలు, నైట్రేట్ ఎప్పుడూ 20 కన్నా తగ్గదు. ఆ నీళ్ళలో ఏ ఉప్పు వేసినా అరిగిపోతుంది.