అంబాసిడర్ వెనక బుష్‌లు ఇంట్లోనే మార్చాం

మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ 4 స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా వెనక నుంచి ‘టక్’మనేది. గేరు వేసి క్లచ్ వదిలినా అదే చప్పుడు. చూసినవాళ్లంతా షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. నాకు నమ్మకం కుదరక బండి కిందికి దూరాను. కమాన్ కట్ట (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు) వెనక చివర, దాన్ని బాడీకి తగిలించే షాకిల్ అనే లింకు దగ్గర ఒక రాడ్ పెట్టి మీటితే కమాను అటూ ఇటూ ఊగింది. ఆ కీలులో ఉండే రబ్బరు తొడుగు, అదే బుష్, పగుళ్లిచ్చి ఒకపక్కకి పూర్తిగా అరిగిపోయింది. ఇనుముకి ఇనుము తగులుతోంది.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినా విజయవాడ ఆటోనగర్‌లో దాని సామానుకి కొదవలేదు. కొట్టాయన మామూలు నల్ల రబ్బరు బుష్‌లూ, పాలీయురేతేన్ అనే గట్టి ప్లాస్టిక్‌వీ రెండూ ముందు పెట్టి, ‘ఇవి జన్మలో అరగవు సార్’ అంటూ రెండో రకం వైపు చూపించాడు. అరగకపోవచ్చు. కానీ అవి గట్టివి, ప్రతి గతుకునీ బాడీలోకి పంపిస్తాయి, గ్రీజు ఆరితే కిచకిచలాడతాయి. అంబాసిడర్ కొనుక్కున్నదే మెత్తగా పోవడానికి కదా! రబ్బరువే తీసుకున్నాను. గోరుతో నొక్కి చూసి మరీ తీసుకోవాలి, ఏళ్లతరబడి అరలో ఎండిపోయిన సరుకు కూడా అంటగడతారు.

ఇంచీ స్పానర్లు కూడా అక్కడే దొరికాయి. ఈ బండిది ఇంగ్లీషు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం, నట్లు అంగుళాల లెక్క. 9/16 నట్టు అంటే సుమారు 14.3 మిల్లీమీటర్లు. దానికి 14 స్పానర్ ఎక్కదు, 15 పెడితే జారి మూలలు అరిగిపోతాయి.

జాకీ ఎత్తబోతుంటే నాన్న గుమ్మంలోంచి కేకేశారు: ‘ముందు చక్రాలకి రాళ్లు పెట్టావురా?’

‘హ్యాండ్‌బ్రేక్ వేశాను కద నాన్నా.’

‘అది పట్టేది వెనక చక్రాలనేరా. వాటినే గాల్లోకి లేపుతున్నావు, ఇంక దేన్ని పడుతుంది?’

గేరులో పెట్టినా అంతే, ఇంజను తిప్పేదీ వెనక చక్రాలనే. రెండు ముందు చక్రాలకీ అటూ ఇటూ రాళ్లు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు నిలిపాకే కిందికి వెళ్లాను.

అసలు యుద్ధం, బుష్‌లలోంచి దూరి షాకిల్‌ని పట్టి ఉంచే పిన్నులతోనే. తుప్పు వదిలే నూనె ముందురోజు రాత్రే కొట్టి ఉంచాం కాబట్టి నట్లు ఊడాయి, పిన్నులు మాత్రం కదలనంటే కదలనన్నాయి. గ్యాస్ మంట పెట్టమని పక్కింటి బాబాయిగారి సలహా. పెట్రోల్ ట్యాంకు వెనకే ఉంది, దండం పెట్టేశాను. ఇరుసు కింద ఇంకో జాకీ పెట్టి కొంచెం కొంచెంగా ఎత్తుతూ పోతే, కమాను బరువు షాకిల్‌ని లాగడమూ నెట్టడమూ మానే చోటు ఒకటి వస్తుంది. అక్కడ పిన్ను తనంతట తనే వదులవుతుంది. మర దెబ్బతినకుండా నట్టుని చివరికంటా ఎక్కించి, చెక్కముక్క అడ్డంపెట్టి సుత్తితో తడితే, వెన్నలోంచి వెంట్రుక లాగినట్టు వచ్చేసింది. ఇరుసు పక్కకి జరగకుండా ఒకవైపు పూర్తిచేశాకే రెండోవైపు ముట్టుకున్నాం.

కమాను కన్నం లోపల తుప్పుని ఎమెరీ కాగితంతో రుద్ది, కొత్త బుష్ ముక్కల్ని రెండు పక్కల నుంచీ దూర్చాం. బిగుతుగా ఉన్నాయని గ్రీజు రాయకూడదు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సబ్బునీళ్లు చాలు.

చాలామంది గాల్లో ఉండగానే నట్లు బిగించేస్తారు. రబ్బరు బుష్ పనిచేసేది మెలితిరగడం వల్ల. వేలాడుతున్న స్థితిలో బిగిస్తే, బండి కిందికి దిగగానే అది మెలితిరిగిపోయి అలాగే ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది. అందుకే నట్లు వేళ్లతో బిగించి వదిలేసి, చక్రాలు వేసి బండిని నేల మీదికి దించి, రెండుసార్లు ఊపి, అప్పుడు కిందికి దూరి గట్టిగా బిగించాం. కొన్నాళ్లు తిరిగాక మళ్లీ స్పానర్ వేస్తే కాస్త కాస్త తిరిగాయి కూడా.

వెనక టక్కు పోయింది. అది పోయాక ముందు వైపు చప్పుడు వినిపించడం మొదలైంది. అంబాసిడర్ ముందు సస్పెన్షన్ టార్షన్ బార్లది. మెలిపెట్టి ఉన్న ఉక్కు కడ్డీ, పద్ధతి తెలియకుండా వదులుచేస్తే ఎముకలు విరుగుతాయి. ఆ పని ఆటోనగర్ మేస్త్రీకే అప్పజెప్పాను.