ఫ్రాన్స్ పల్లెల్లో పరుగు దారి: ముందు నేల చూడండి, తర్వాతే దూరం

ఫ్రాన్స్ పల్లెపట్టున పరుగుకి దారి గీసుకునేవాళ్లు చాలామంది ముందు కిలోమీటర్లు లెక్కేస్తారు. పదిహేను కావాలంటే యాప్ పదిహేనుకి ఓ చుట్టు గీసిచ్చేస్తుంది. కానీ నవంబరులో బోస్ మైదానపు పొలాల మధ్య పదిహేను కిలోమీటర్లు, జూన్‌లో బర్గండీ ద్రాక్షతోటల సిమెంటు బాట మీద పదిహేను కిలోమీటర్లు ఒకటి కావు. కాలికింద ఏముందో, ఏ నెలలో వెళ్తున్నామో తేలాకే దూరం సంగతి.

ప్యారిస్ చుట్టుపక్కల బోస్, బ్రీ, ఉత్తరాన పికార్దీ ప్రాంతాలది మెత్తటి, సారవంతమైన మట్టి. ఎండాకాలంలో గట్టిగా, హాయిగా ఉంటుంది. వాన పడిందంటే బూటు అడుగుకి అంటుకుని, అడుగడుక్కీ బరువు పెరుగుతుంది. పైగా శరత్కాలం నుంచి చలి ముదిరేదాకా చక్కెర బీటు దుంపల కోత. ట్రాక్టర్ ట్రైలర్లు తిరిగి బాటల్లో లోతైన గాడులు పడతాయి, అవి ఎండాక మడమలు మెలికపడేది అక్కడే. నార్మండీ డొంకలది ఇంకో కథ. రెండువైపులా గట్లు, గట్ల మీద చెట్ల కంచె, మధ్యలో పల్లంలో దారి. ఎండ తగలదు కాబట్టి చలికాలమంతా బురదే. వేసవిలో మాత్రం అంత చల్లటి దారి మరొకటి దొరకదు. ఫొంతెన్‌బ్లో అడవిది ఇసుక నేల, అక్కడ లెక్క తిరగబడుతుంది: వాన పడ్డ మర్నాడు ఇసుక గట్టిపడి పరుగు బాగుంటుంది, ఆగస్టులో పాదం దిగబడిపోతుంది. దక్షిణాన లార్జాక్ లాంటి సున్నపురాతి పీఠభూములు వాన వెలిసిన కాసేపటికే ఆరిపోతాయి. కాకపోతే నీరంతా రాతి పగుళ్లలోకి ఇంకిపోతుంది కాబట్టి పైన వాగూ వంకా కనిపించవు. రాళ్లు కూడా వాడిగా ఉంటాయి, అడుగు పలచటి బూట్లతో వెళ్లొద్దు.

తారు, కంకర, మట్టి కలిసిన దారికి అడుగున 3-4 మిల్లీమీటర్ల పళ్లున్న బూట్లు చాలు. ఆరు మిల్లీమీటర్ల పళ్లు బురదకి మంచివే కానీ తారు మీద తొందరగా అరిగిపోతాయి. పల్లెల మధ్య తారు తప్పదు.

ఇక మ్యాపు. పరుగుకి పనికొచ్చేది ఫ్రాన్స్ జాతీయ మ్యాపుల సంస్థ ఐజీఎన్ వారి 1:25,000 మ్యాపే. సెంటీమీటరుకి 250 మీటర్లు, ఎత్తు గీతలు మైదానాల్లో ఐదు మీటర్లకొకటి, కొండల్లో పది మీటర్లకొకటి. ఐజీఎన్ మ్యాపుల వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. తెగకుండా సాగే సన్నటి నల్లగీత సాధారణంగా ట్రాక్టరు పోయే బాట. చిన్న చిన్న ముక్కల గీత కాలిబాట. పొలాల మధ్య ఈ ముక్కల గీతని అంత తేలిగ్గా నమ్మొద్దు. 1960, 70 దశకాల్లో చిన్న కమతాలను కలిపి పెద్ద మడులు చేసినప్పుడు ఎన్నో పాత దారులు నాగలికింద పోయాయి. కొన్ని ఇప్పటికీ ఏటా దున్నుడులో పోతుంటాయి. అందుకే అదే సైటులో మ్యాపు మీద విమాన ఫొటోల పొర వేసి చూడండి. ఫొటోలో గీత కనిపిస్తే దారి ఉన్నట్టు, పొలం రంగులో కలిసిపోతే లేనట్టు. ఈ ఒక్క పనికి పది నిమిషాలు పడుతుంది, మొక్కజొన్న చేలో దారి వెతుక్కునే గంట మిగులుతుంది.

దారి ఉన్నంత మాత్రాన అందరిదీ అని కాదు. భూముల హద్దుల పొరలో షెమ్యాఁ ర్యురాల్ అని ఉంటే అది కమ్యూన్‌ది, అంటే ఊరి పాలక సంస్థది, జనం నడవడానికి ఉద్దేశించింది. షెమ్యాఁ దెక్స్‌ప్లొయితాస్యోఁ అని ఉంటే పక్క పొలాల రైతులది. వాళ్లు బయటివాళ్లను రావద్దనొచ్చు. బోర్డో, గొలుసో కనిపిస్తే వెనక్కి తిరగడమే మేలు: 2023 ఫిబ్రవరి చట్టం తర్వాత, ప్రైవేటుదని స్పష్టంగా గుర్తు పెట్టిన పొలంలోకి, అడవిలోకి అడుగుపెడితే జరిమానా పడుతుంది, మామూలుగా 135 యూరోలు. పశువుల గేటు మాత్రం వేరే విషయం. గుర్తులున్న దారి మీద ఉన్న గేటు తీసుకుని వెళ్లొచ్చు, వెనకాల మళ్లీ వేయడం మరవకూడదు. ప్లాస్టిక్ పిడి పట్టుకుంటే కరెంటు కంచె కొక్కెం షాకివ్వదు, తీగ ముట్టుకుంటే ఇస్తుంది.

గుర్తుల సంగతి చాలామందికి తెలిసిందే: తెలుపు-ఎరుపు గీతలు దూరప్రయాణపు జీఆర్ దారులవి, పసుపు-ఎరుపు ప్రాంతాన్ని చుట్టే దారులవి, ఒక్క పసుపు గీత ఊరి చుట్టూ తిరిగే పీఆర్‌ది. ఇంటూ గుర్తు ఉన్నవైపు వెళ్లకూడదు. పరుగెత్తేవాళ్లకి వచ్చే చిక్కు ఏమిటంటే, ఈ గుర్తులు నడిచేవాళ్ల చూపుకి తగ్గట్టు వేసినవి. దిగుడులో వేగం మీద ఉండగా మలుపు గుర్తు ఎడమచెట్టు మీద ఉందా, స్తంభం మీద ఉందా చూసుకోం. మూడు నాలుగు నిమిషాల పాటు గుర్తు కనబడకపోతే చివరి గుర్తుదాకా వెనక్కి రావాలి. 'ముందు దొరుకుతుందిలే' అనుకున్నవాళ్లే పక్క లోయలో తేలతారు. పీఆర్ బోర్డు మీద రాసే గంటలు కూడా నడకవే, పరుగుకి ఆ లెక్క వదిలేయండి. ఎక్కే ప్రతి వంద మీటర్ల ఎత్తునీ ఒక కిలోమీటరుగా కలుపుకుంటే మీ లెక్క మీకు దొరుకుతుంది.

ఎత్తుపల్లాలు వద్దనుకుంటే కాలవగట్లు, పాత రైలుకట్టల మీద వేసిన వోయ్ వెర్త్ (మోటారు వాహనాలు రాని) దారులు ఉన్నాయి. బర్గండీలో జివ్రీ నుంచి క్లూనీ దాకా పోయేది ఈ తరహావాటిలో తొలినాటిది, 1990లలోనే తెరిచారు. దారి తప్పే ప్రసక్తి లేదు, వాలు దాదాపు తెలియదు. అదే వాటి లోపం కూడా. ఒకే అడుగు, ఒకే కోణం, వేల సార్లు. కొండదారిలో కన్నా ఇక్కడే పిక్కలు, మడమ నరాలు ముందు పట్టేస్తాయి. వారం దూరమంతా వీటి మీదే వేయొద్దు. కెనాల్ దు మిదీ గట్టు మీద తులూజ్ నుంచి సుమారు యాభై కిలోమీటర్లు నున్నటి తారు. ఆడ్ జిల్లాలోకి వెళ్లాక చాలాచోట్ల మట్టిబాట, ప్లేన్ చెట్ల వేళ్లు. ఆ చెట్లకి తెగులు సోకినట్టు 2006లో బయటపడ్డాక వేలకొద్దీ కొట్టేశారు. పాత ఫొటోల్లో కనిపించే నీడని నమ్మి జులైలో మధ్యాహ్నం బయల్దేరొద్దు.

నీళ్లకి దిక్కు సమాధుల తోట. దాదాపు ప్రతి ఊరి సమాధుల తోటలోనూ పూలకుండీలకి పోసుకునే కుళాయి ఉంటుంది. 'ఓ నోఁ పొతాబ్ల్' అని రాసి ఉంటే తాగకూడదు. గడ్డకట్టే చలికి కట్టేస్తారు కాబట్టి డిసెంబరు నుంచి దీని మీద ఆధారపడలేం. ఊళ్లో బేకరీ ఉందని మ్యాపులో చూసి ధైర్యపడొద్దు, సోమవారం మూసి ఉండే ఊళ్లు ఎన్నో. మధ్యాహ్నం భోజనవేళ ఎలాగూ మూస్తారు. అర లీటరు సీసాలు రెండు వెంట ఉంచుకోవడమే నయం.

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా వేట కాలం. అడవిపందికైతే అటూ ఇటూ ఇంకా సాగుతుంది. శని, ఆదివారాల్లో జోరు ఎక్కువ. గుంపుగా తరిమి వేటాడేటప్పుడు దారి పక్కన 'షాస్ ఆఁ కూర్' (వేట జరుగుతోంది) అనే బోర్డు పెట్టాలి. బోర్డు కనిపించినా, కుక్కల మెడగంటల మోతో, బూర చప్పుడో వినిపించినా ఆ అడవి వదిలేయండి. దారి ప్రజలదే కదా అని వాదనకి దిగే చోటు కాదది. నారింజ రంగు చొక్కా తప్పనిసరిగా వేసుకోండి. ఆ నెలల్లో ఆదివారం పరుగుని కాలవగట్టుకో, ద్రాక్షతోటల మధ్యకో మార్చుకుంటే గొడవే లేదు. దక్షిణాన మార్సెయ్ చుట్టూ ఉన్న కొండల్లో వేసవిది వేరే అడ్డంకి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కార్చిచ్చు ప్రమాదాన్నిబట్టి ఏ రోజుకారోజు అడవులు మూస్తారు, ముందురోజు సాయంత్రం ప్రకటన చూసుకోవాలి.

ఆల్ప్స్, పిరెనీస్ మేతభూముల్లో గొర్రెల మందకి కాపలాగా పాతూ అనే పెద్ద తెల్లకుక్కలు ఉంటాయి. పరుగెత్తుకొచ్చే మనిషి వాటి కంటికి దాడికొచ్చే మృగమే. దూరంగా మంద కనిపించగానే నడకలోకి దిగండి, మందకి బాగా దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి. కుక్క దగ్గరికొస్తే ఆగి, మెల్లగా మాట్లాడండి, కర్ర ఎత్తొద్దు, కళ్లలోకి చూడొద్దు. గడ్డి ఎత్తుగా ఉన్నచోట గోమార్ల బెడద, లైమ్ జబ్బు వాటివల్లే. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, గజ్జల్లో చూసుకోండి.

తారు రోడ్డు మీద ఊరు దాటాక ఎడమ అంచునే పరుగెత్తాలి, నియమం అదే. వాహనాల వేగపరిమితి 80, కొన్ని జిల్లాల్లో 90. ఒక్క చోట మాత్రం బుద్ధి వాడాలి: రోడ్డు ఎడమకి తిరిగి, లోపలివైపు కంచెతో మూసుకుపోయి ఉంటే, ఎదురొచ్చే కారుకి మీరు కనబడరు. మలుపుకి బాగా ముందే కుడివైపుకి దాటి, అయ్యాక తిరిగి రండి. ప్రమాదం ఉన్నప్పుడు అంచు మార్చుకునే వీలు చట్టంలోనే ఉంది.

చుట్టు దారులు విసుగనిపిస్తే రెండు రైల్వే స్టేషన్ల మధ్య గీసుకోండి. ముందు టీఈఆర్ అనే ప్రాంతీయ రైల్లో చిన్న స్టేషనుకి చేరి, అక్కడి నుంచి పెద్ద స్టేషను వైపు పరుగెత్తాలి, తిరగేసి కాదు. చిన్న లైన్లలో ఆదివారం రెండు మూడు రైళ్లే ఉండొచ్చు, కొన్నిసార్లు వాటి బదులు బస్సు వస్తుంది. పెద్ద స్టేషనులో ఆలస్యంగా చేరినా ఇంకో రైలు ఉంటుంది.