పొహాంగ్ స్టీల్ యార్డ్‌లో కప్ ఫైనల్

సియోల్ నుంచి కేటీఎక్స్ రైల్లో రెండున్నర గంటలు ప్రయాణిస్తే పొహాంగ్ వస్తుంది. కొరియా తూర్పు తీరంలో దాదాపు ఐదు లక్షల మంది ఉండే ఊరు. రైల్వే స్టేషన్ ఊరికి ఉత్తరాన ఉంటుంది, ఫుట్‌బాల్ స్టేడియం దక్షిణాన. టాక్సీ ఊరంతా దాటి హ్యోంగ్సాన్ నది వంతెన ఎక్కేసరికి ఎడమచేతి వైపు చిమ్నీలు, బ్లాస్ట్ ఫర్నేస్‌లు బారులు తీరి కనిపించాయి. వాటి వెనక సముద్రం. నేను విశాఖపట్నం ఉక్కునగరంలో పెరిగినవాణ్ణి. మా నాన్న అక్కడి స్టీల్ ప్లాంట్‌లో గోదావరి అనే ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఏది ఫర్నేసో, ఏది కోక్ ఓవెనో ఎవరూ చెప్పక్కర్లేకుండానే పోల్చుకున్నాను.

ఈ ఫ్యాక్టరీ కొరియా ఉక్కు కంపెనీ పోస్కోది. మా ఇంట్లో ఆ పేరు ప్రేమగా పలికేది కాదు. 2019లో విశాఖ స్టీల్ ప్లాంట్ యాజమాన్యానికీ పోస్కోకూ మధ్య అవగాహన ఒప్పందం కుదిరిందన్న వార్త బయటికొచ్చాక, 2021లో ప్రైవేటీకరణ ప్రకటన కూడా తోడయ్యాక, కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కూర్చున్నవాళ్లలో నాన్న స్నేహితులు చాలామంది ఉన్నారు. కొరియాలో ఉద్యోగం చేస్తూ కూడా పొహాంగ్ వెళ్లాలని నాకు చాలాకాలం అనిపించలేదు. మా ఆఫీసులో పక్క సీటు కుర్రాడు పొహాంగ్ వాడు. 2023 నవంబర్ 4న వాళ్ల ఊరి ఫుట్‌బాల్ జట్టు పొహాంగ్ స్టీలర్స్ ఆడే కొరియా ఎఫ్ఏ కప్ ఫైనల్ వాళ్ల ఊళ్లోనే జరుగుతోందని, వాళ్ల నాన్నగారు నాకు కూడా టికెట్ తీసి పెట్టారని అతను చెప్పినప్పుడు కాదనలేకపోయాను.

ముందుగా జుక్డో మార్కెట్‌కు తీసుకెళ్లారు. కొరియాలో స్నేహితుడి తండ్రిని అబొనిమ్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. హాట్ రోలింగ్ మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా చేసిన మనిషి. చేతులు పెద్దవి, మాట తక్కువ. మార్కెట్ నిండా పీతలు, ఆక్టోపస్‌లు, గాలికి ఆరేసిన చేపలు. ఇక్కడ చలికాలంలో సౌరీ అనే చేపను సముద్రపు గాలికి సగం ఎండబెట్టి గ్వామెగి చేస్తారు. నూనె ఓడుతూ, కాస్త సాగుతూ ఉంటుంది. సముద్రపు నాచు ఆకులో చుట్టి, పచ్చి వెల్లుల్లి, కారపు ముద్ద పెట్టి నోట్లో వేసుకోవాలి. భీమిలి ఒడ్డున ఎండుచేపల వాసన తెలిసిన ముక్కుకు అది కొత్తేమీ అనిపించలేదు. నేను రెండో ముక్క కోసం చెయ్యి చాపగానే అబొనిమ్ ముఖం వెలిగింది.

"మీ నాన్నగారు ఏ డిపార్ట్‌మెంట్ బాబూ?" అని అడిగారు.

"బ్లాస్ట్ ఫర్నేస్ అండీ."

"అయితే వేడి మనుషులే" అని నవ్వి, మిగిలిన పళ్లెం నా వైపు జరిపారు. ఆ తర్వాత స్టేడియం చేరేదాకా ఆయన మాట ఆపలేదు.

ఆయన చెప్పిందీ, మర్నాడు పోస్కో మ్యూజియంలో చూసిందీ కలిపి రాస్తున్నాను. పోస్కో 1968లో మొదలైంది. అప్పటికి దేశంలో డబ్బు లేదు. విదేశీ బ్యాంకులు అప్పివ్వలేదు. 1965 ఒప్పందం కింద జపాన్ వలస పాలనకు పరిహారంగా వచ్చిన సొమ్ములో కొంత ఈ ఫ్యాక్టరీకి మళ్లించారు. వ్యవస్థాపకుడు పాక్ టేజున్ కార్మికులతో ఇది పూర్వీకుల రక్తంతో వచ్చిన డబ్బని, పని విఫలమైతే అందరం కుడివైపు తిరిగి యోంగిల్ అఖాతంలో దూకాల్సిందేనని చెప్పిన మాట ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1973 జూన్ 9న మొదటి ఫర్నేస్ నుంచి ఇనుము కరిగి బయటికొచ్చింది. ఫుట్‌బాల్ జట్టు అంతకన్నా రెండు నెలల ముందే, ఆ ఏడాది ఏప్రిల్‌లో పుట్టింది. ఇనుము ఇంకా కారకముందే కంపెనీ ఒక టీమ్ పెట్టింది! పాక్ టేజున్‌కు ఫుట్‌బాల్ అంటే అంత పిచ్చి.

1983లో కొరియా ప్రొఫెషనల్ లీగ్ ఐదు జట్లతో మొదలైనప్పుడు పోస్కో అందులో ఒకటి. మిగతావి హల్లెలూయా, యుకాంగ్, డేవూ, కుక్మిన్ బ్యాంక్. తర్వాత పేర్లు మారాయి: 1984లో డాల్ఫిన్స్, ఏడాది తిరక్కుండా ఆటమ్స్, 1997 నుంచి స్టీలర్స్. పేర్ల సంగతి నన్నంతగా పట్టలేదు. నన్ను పట్టిన విషయం వేరు. ఆ ఐదింటిలో రెండు ఇప్పుడు లేనే లేవు. యుకాంగ్ జట్టు బుచాన్ ఊళ్లో స్థిరపడ్డాక 2006లో దాన్ని జేజు ద్వీపానికి తరలించారు. డేవూ జట్టు బుసాన్‌లోనే ఉన్నా కంపెనీ కూలిపోయాక చేతులు మారింది. లీగ్‌లో మరో పెద్ద జట్టునైతే 2004లో అన్యాంగ్ నుంచి సియోల్‌కు తీసుకుపోయారు. ఉదయం లేచేసరికి తమ జట్టు వేరే ఊరిదైపోయిందంటే ఆ అభిమానుల గుండె ఎలా పగిలి ఉంటుందో! మొదటి ఐదింటిలో అదే కంపెనీతో, అదే ప్రాంతంలో నిలబడ్డది పొహాంగ్ ఒక్కటే. నా దృష్టిలో ట్రోఫీలన్నిటికన్నా ఇది పెద్ద విషయం.

స్టీల్ యార్డ్ పోస్కో ప్రధాన కార్యాలయం ఆవరణలోనే ఉంది. 1990లో కట్టారు. కొరియాలో ఫుట్‌బాల్ కోసమే కట్టిన మొట్టమొదటి స్టేడియం ఇది. అంతకుముందు ఎక్కడ చూసినా మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్ ఉండేది, ఆటగాళ్లు ప్రేక్షకులకు దూరంగా కనిపించేవారు. ఇక్కడ ట్రాక్ లేదు. పదిహేడు వేల పైచిలుకు సీట్లు, అన్నీ గడ్డికి దగ్గర. ముందు వరుసల్లో కూర్చుంటే షూ బంతికి తగిలే చప్పుడు వినిపిస్తుంది. పైకప్పును మోసే ఉక్కు దూలాలు, బోల్టులు బయటికే కనపడుతుంటాయి. అభిమానుల టీషర్టులన్నీ ఎరుపు, నలుపు అడ్డచారలు. ఈ ఊళ్లోనే మెరైన్ డివిజన్ ఉంది కాబట్టి సైనికులు యూనిఫాంలో గుంపుగా వచ్చి కూర్చోవడం ఇక్కడి మ్యాచ్‌లకు మామూలేనట. యోంగిల్ అఖాతం మీద ఒక పాత పాట ఉంది. అది ఇప్పుడు జట్టు పాట అయిపోయింది. ఆట మొదలయ్యే ముందు దాన్ని తాతలూ మనవలూ కలిసి పాడుతుంటే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ప్రత్యర్థి జొన్‌బుక్. హ్యుందాయ్ మోటార్స్ జట్టు, లీగ్‌లో బాగా డబ్బున్నవాటిలో ఒకటి. ఫైనల్ ఒక్క మ్యాచ్‌గా పొహాంగ్‌లో జరగడం కూడా అనుకోకుండా కుదిరిందే. ఆగస్టులో కొరియాలో జరిగిన ప్రపంచ స్కౌట్ల సమావేశం (జాంబోరీ) గందరగోళం, తుఫాను వల్ల సెమీఫైనల్స్ వాయిదా పడి, చివరికి నవంబర్ 1న జరిగాయి. జేజుపై పెనాల్టీల్లో గెలిచిన మూడు రోజులకే మళ్లీ ఆట. కాళ్లలో అలసట ఉంటుందని అబొనిమ్ భయపడ్డారు.

మొదటి గోల్ కొట్టింది సోంగ్ మిన్‌క్యు. 2021 దాకా అతను పొహాంగ్ ఆటగాడు, ఇక్కడే పేరు తెచ్చుకుని జొన్‌బుక్‌కు వెళ్లాడు. మా చుట్టూ ఎవరూ తిట్టలేదు. అబొనిమ్ మాత్రం "మా బడిలో నేర్చుకున్నదే మా మీద చూపించాడు" అని నిట్టూర్చారు. సగం ఆట ముగియబోతుండగా హాన్ చన్‌హీ సమం చేశాడు. విరామం తర్వాత పెనాల్టీతో గుస్తావో మళ్లీ జొన్‌బుక్‌ను ముందుకు తీసుకెళ్లాడు. టెన్షన్‌తో నా అరచేతులు తడిసిపోయాయి. నిజానికి ఆ ఉదయం వరకు ఈ జట్టుతో నాకే సంబంధమూ లేదు. 74వ నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు జెకా 2-2 చేశాడు. మరో నాలుగు నిమిషాలకు కిమ్ జోంగ్‌ఊ కొట్టాడు, 3-2. స్టాండ్ మొత్తం లేచి నిలబడింది, మరి కూర్చోలేదు. ఇంజురీ టైమ్‌లో హాంగ్ యున్‌సాంగ్ నాలుగో గోల్ వేశాడు. ఈ కుర్రాడు పొహాంగ్ క్లబ్ పిల్లల జట్టులో పెరిగి, జర్మనీ వెళ్లి, ఆ వేసవిలోనే ఇంటికొచ్చాడు. అబొనిమ్ ఒక్కమాటా మాట్లాడకుండా నా భుజం గట్టిగా పట్టుకున్నారు. పదేళ్ల తర్వాత వచ్చిన మొదటి ట్రోఫీ అది. క్లబ్‌కు యాభై ఏళ్లు నిండిన ఏడాది కూడా.

పదేళ్ల కిందటిది, 2013 కథ, ఆ రాత్రి యోంగిల్డే బీచ్‌లో విన్నాను. అఖాతానికి అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ దీపాలన్నీ నీళ్లలో వెలుగుతున్నాయి. ఆ ఏడాది కంపెనీ ఖర్చులు బిగించడంతో జట్టులో ఒక్క విదేశీ ఆటగాడు కూడా లేడు. కొరియా లీగ్‌లో గోల్స్ కొట్టే పని ఎక్కువగా బ్రెజిల్ వాళ్లదే కాబట్టి అందరూ జాలిపడ్డారు. కోచ్ హ్వాంగ్ సున్‌హోంగ్ (2002 ప్రపంచకప్‌లో పోలాండ్‌పై మొదటి గోల్ కొట్టినాయన, ఒకప్పటి పొహాంగ్ స్ట్రైకర్) సొంత కుర్రాళ్లతోనే చిన్న చిన్న పాస్‌ల ఆట నేర్పాడు. క్లబ్‌కు ప్రాథమిక పాఠశాల నుంచి హైస్కూల్ దాకా సొంత జట్లున్నాయి. వాటిల్లోంచి వచ్చిన లీ మ్యోంగ్‌జు, కిమ్ సుంగ్‌డే లాంటివాళ్లు పరుగులు పెట్టారు. అక్టోబర్‌లో ఎఫ్ఏ కప్ గెలిచారు. లీగ్ చివరి రోజు డిసెంబర్ 1. ప్రత్యర్థి ఉల్సాన్, మ్యాచ్ కూడా ఉల్సాన్‌లోనే. ఉల్సాన్ రెండు పాయింట్లు ముందుంది, డ్రా అయినా టైటిల్ వాళ్లదే. తొంభై నిమిషాలు అయిపోయాయి, 0-0. 95వ నిమిషంలో గోల్ ముందు తోపులాటలో డిఫెండర్ కిమ్ వొన్‌ఇల్ బంతిని లోపలికి నెట్టాడు. అతను సైనిక సేవను మెరైన్స్‌లో చేసినవాడు. ఒకే ఏడాదిలో లీగ్, కప్ రెండూ గెలిచిన మొదటి కొరియా జట్టు పొహాంగ్.

ఉల్సాన్ వెనకున్నది హ్యుందాయ్ ఓడల కంపెనీ. వీళ్లు ఉక్కు తయారుచేస్తే వాళ్లు ఓడలు కడతారు. రెండు ఊళ్లకూ మధ్య గంట ప్రయాణం. 2019లో సరిగ్గా అదే డిసెంబర్ 1న, అదే ఉల్సాన్‌లో, మళ్లీ డ్రా చాలు అనుకున్న ఉల్సాన్‌ను పొహాంగ్ 4-1తో ఓడించింది. టైటిల్ జొన్‌బుక్‌కు పోయింది, పొహాంగ్‌కు ఒరిగిందేమీ లేదు. అయినా ఆ సంగతి చెప్పేటప్పుడు మా కొలీగ్ గొంతులో ఆనందం 2009 గురించి చెప్పేటప్పటి కన్నా ఎక్కువే! 2009లో టోక్యో ఫైనల్‌లో సౌదీ జట్టు అల్ ఇత్తిహాద్‌ను 2-1తో ఓడించి మూడోసారి ఆసియా విజేతలయ్యారు. అంతకుముందు 1997, 1998లో వరుసగా గెలిచారు. 2009 డిసెంబర్‌లో అబుదాబి క్లబ్ ప్రపంచకప్ సెమీస్‌లో ముగ్గురికి రెడ్ కార్డులు పడి, గోల్‌కీపర్ కూడా బయటికి పోతే, స్ట్రైకర్ డెనిల్సన్ గ్లవ్స్ తొడుక్కుని గోల్‌లో నిలబడ్డాడు. ఆ మ్యాచ్ ఓడినా, చివరికి మూడో స్థానం తెచ్చుకున్నారు.

మర్నాడు చూసిన మ్యూజియం పేరు పార్క్ 1538. ఇనుము కరిగే ఉష్ణోగ్రత 1538 డిగ్రీల సెల్సియస్, అదీ ఆ పేరు. ముందుగా బుక్ చేసుకోవాలి. 2022 సెప్టెంబర్‌లో హిన్నమ్‌నార్ తుఫానుకు పక్క వాగు పొంగి ఫ్యాక్టరీ మునిగింది. ఫర్నేస్‌లన్నీ ఒక్కసారిగా ఆపాల్సి వచ్చింది, అలా జరగడం అదే మొదటిసారి. పూర్తిగా కోలుకోవడానికి 135 రోజులు పట్టింది. ఆ ముచ్చట రాగానే అబొనిమ్ జేబులోంచి ఫోన్ తీసి, బురదలో మోకాళ్ల దాకా దిగిన తన పాత మిల్లు ఫోటోలు చూపించారు. నేను మా నాన్నకు వీడియో కాల్ చేశాను. భాష రాకపోయినా ఇద్దరూ ఫర్నేస్‌ల ఫోటోలు ఒకరికొకరు చూపించుకున్నారు. ప్లాంటు విషయంలో నాన్న అభిప్రాయం ఇప్పటికీ మారలేదు, నాదీ మారలేదు. కానీ పోస్కో అన్నప్పుడు ఇప్పుడు నాకు ఒప్పంద పత్రాలతో పాటు ఒక మనిషి కూడా గుర్తొస్తాడు.

ఆ ఫైనల్ గెలిపించిన కోచ్ కిమ్ గిడోంగ్ నెల తిరిగాక సియోల్ జట్టుకు వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో ఒకప్పుడు ఈ ఒక్క క్లబ్‌కే ఆడిన పాక్ టేహా వచ్చాడు. 2024 నవంబర్ 30న సియోల్ వరల్డ్ కప్ స్టేడియంలో ఉల్సాన్‌ను ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-1తో ఓడించి ఆరోసారి కప్ తీసుకెళ్లారు. అప్పటికి ఆ కప్పు అన్నిసార్లు గెలిచిన జట్టు మరొకటి లేదు. ఆ రోజు ఎరుపు, నలుపు చారల మధ్యే కూర్చున్నాను.

కొరియాలో ఉండే మనవాళ్లెవరైనా వెళ్లాలనుకుంటే మార్చి నుంచి నవంబర్ లోపు పొహాంగ్‌లో మ్యాచ్ ఉన్న శనివారం చూసుకోండి. ఉల్సాన్‌తో ఆట అయితే టికెట్ ముందే తీసుకోవాలి. గ్వామెగి కావాలంటే నవంబర్ దాకా ఆగాలి. జుక్డో మార్కెట్‌లో తినేసి బయల్దేరండి, స్టీల్ యార్డ్‌కు గంట ముందే చేరితే పాట మొదటి నుంచి వినొచ్చు.