నెల్లూరు అని కొడితే గుడ్లూరు ఎందుకొస్తోంది

దొరికింది! నేను కడుతున్న ఊళ్ల, చెరువుల పేర్ల డేటాబేస్‌లో వెతుకులాటను ఇన్నాళ్లూ చెడగొట్టింది ఒకే ఒక్క గుర్తు. పొల్లు, అంటే ‘క్’ మీద ఉండే ఆ చిన్న గుర్తు. ఫాంటు కాదు, కీబోర్డు కాదు, సర్వర్ కాదు. ఈసారి పోస్టంతా దాని గురించే.

మిగతా పనులు బాగానే నడుస్తున్నాయి. అక్షరక్రమం ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీలోని తెలుగు కొలేషన్‌తో (వరుస నియమాలతో) కుదిరిపోయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకీ, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతికీ వెళ్లాయి కదా, దాన్ని తేదీల రేంజ్ కాలమ్‌లో పెట్టాను, చక్కగా పనిచేస్తోంది. చెరువుల టేబుల్‌లో కంభం చెరువు దాకా వచ్చాను.

ఇక అసలు గొడవ. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పీజీ ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ వేసి (ఇది మాటను మూడేసి అక్షరాల ముక్కలుగా, అంటే ట్రైగ్రామ్‌లుగా కోసి, రెండు మాటల్లో ఎన్ని కలిశాయో చూస్తుంది), పేరు కాలమ్ మీద వెతుకులాట వేగం కోసం జిన్ ఇండెక్స్ కట్టాను. నెల్లూరు అని వెతికితే అల్లూరు వచ్చింది, పోలిక (0 నుంచి 1 దాకా ఉంటుంది) 0.417. చివర ‘ల్లూరు’ ఉంది కాబట్టి అది న్యాయమే. దాని కిందే గుడ్లూరు, 0.385. ఇదెక్కడి నుంచి వచ్చింది? రెంటికీ కలిసింది చివరి ‘లూరు’ ఒక్కటే. కనీస పోలిక మామూలుగా 0.3 ఉంటుంది, దాన్ని ఇంత తేలిగ్గా దాటకూడదు.

ముందు లోకేల్ మీద, అంటే ఏవి అక్షరాలో చెప్పే భాషా సెట్టింగు మీద అనుమానం. నా దగ్గర సి లోకేల్‌తో కట్టిన పాత డేటాబేస్ ఒకటుంది. అందులో ముక్కలను చూపించే షో ట్రైగ్రామ్ ఫంక్షన్‌కి నెల్లూరు ఇస్తే ఖాళీ సెట్టు వచ్చింది. సి లోకేల్‌కి ఇంగ్లీష్ అక్షరాలు తప్ప వేరేవి అక్షరాలే కావు మరి. అలాంటి డేటాబేస్‌లో పోలిక ఆపరేటర్ ఏ తెలుగు పేరునీ తేదు. లైక్‌తో వెతికితే జవాబు సరిగ్గానే వస్తుంది గానీ ఇండెక్స్ వల్ల ఒరిగేదేమీ ఉండదు. డేటాబేస్ పుట్టాక ఎల్‌సీ సీటైప్ (లోకేల్‌లో అక్షరాల సెట్టింగు) మారదు, టెంప్లేట్ జీరో అనే ఖాళీ మూస నుంచి కొత్తది కట్టి డంప్ (పాత డేటా కాపీ) ఎక్కించాల్సిందే. కానీ గుడ్లూరు తగిలింది యూటీఎఫ్ 8 లోకేల్ ఉన్న కొత్త డేటాబేస్‌లో. కాబట్టి కారణం అది కాదు.

తర్వాత నార్మలైజేషన్, అంటే రెండు రకాలుగా నిల్వైన ఒకే అక్షరాన్ని ఒకే రూపానికి తేవడం. తెలుగులో విడిపోయి మళ్లీ కలిసే గుర్తు ఐత్వం ఒక్కటే (యూనికోడ్ నంబర్లలో 3144 అన్నది 3142, 3158 జంటగానూ రావచ్చు). సైదాపురం లాంటి పేర్లకు దాని అవసరం ఉంది. నెల్లూరులో ఐత్వమే లేదు. అదీ పోయింది.

ట్రైగ్రామ్‌ల లెక్క చూస్తే మరీ అయోమయం. నెల్లూరులో ఎనిమిది కోడ్ పాయింట్లు (యూనికోడ్ నంబరున్న ఒక్కో అక్షరం లేదా గుర్తు), ఇరవైనాలుగు బైట్లు. మాటకు ముందు రెండు ఖాళీలు, వెనక ఒకటి చేర్చి మూడేసి తీస్తే తొమ్మిది ట్రైగ్రామ్‌లు రావాలి. తొమ్మిదే వచ్చాయి. పైగా తెలుగు ట్రైగ్రామ్‌లను అది అక్షరాలుగా చూపించదు, హెక్స్ అంకెలుగా చూపిస్తుంది. కళ్లు పోయేలా చూసినా లోపల ఏముందో తెలియదు.

అప్పుడు వేరే దారిన వెళ్లి, నెల్లూరుకీ, కావాలని తిరగేసి రాసిన ‘లూరు నెల’కీ పోలిక అడిగాను. ఒకటి అని చెప్పింది! నిండుగా ఒకటి. నెల్లూరును అది ‘నెల’, ‘లూరు’ అని రెండు మాటలుగా చదువుతోందన్నమాట. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (నమూనా ఇచ్చి సరిపోల్చే పద్ధతితో) రుజువు చేసుకున్నాను. ఎత్వం గుర్తు అక్షర తరగతిలోకి వస్తుందా అంటే అవునంది, పొల్లు వస్తుందా అంటే కాదంది. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులకు ఆల్ఫబెటిక్ లక్షణం ఉంది, పొల్లుకు లేదు. లైనక్స్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీ దాన్నే అనుసరిస్తుంది. పీజీ ట్రైగ్రామ్‌కి అక్షరం, అంకె కాని ప్రతిదీ మాటకు సరిహద్దే. మన వత్తులన్నీ పొల్లుతోనే పుడతాయి కాబట్టి వత్తున్న ప్రతిచోటా పేరు తెగిపోతుంది. బుచ్చిరెడ్డిపాళెం అయితే ‘బుచ’, ‘చిరెడ’, ‘డిపాళెం’ అని మూడు ముక్కలు.

లెక్క ఎందుకు తేడా రాలేదో కూడా తేలింది. పొల్లు పోతే ఒక కోడ్ పాయింట్ తగ్గుతుంది, కొత్త ముక్క వల్ల ఒక ట్రైగ్రామ్ పెరుగుతుంది. తొమ్మిది తొమ్మిదిగానే ఉంటుంది. నెల్లూరు, గుడ్లూరు రెంటిలోనూ ‘లూరు’ విడి మాట అయిపోయి, దాని ఐదు ట్రైగ్రామ్‌లూ కలిశాయి. మొత్తం పదమూడింట ఐదు, అదే 0.385. పొల్లును ఉంచి లెక్కేస్తే పద్నాలుగింట నాలుగే కలుస్తాయి, 0.286. అంటే గుడ్లూరు గీత కిందికి దిగిపోవాలి.

మందు చిన్నదే. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, అందులో పొల్లును, అంటే సీహెచ్‌ఆర్ 3149ని (యూనికోడ్ నంబరు 3149), ఇంగ్లీష్ ఎక్స్ అక్షరంగా మార్చేశాను. వెతికే మాటకూ అదే మార్పు. మన పేర్లలో ఆ అక్షరం రాదు కాబట్టి దేంతోనూ కలవదు. గుడ్లూరు 0.286కి పడిపోయి జాబితాలోంచి పోయింది. అల్లూరు 0.417 దగ్గరే నిలబడింది. ఆ రాత్రి నా సంతోషం చెప్పలేను.

కానీ తోటపల్లిగూడూరు రెండు వరుసలుగా ఉండి ఒకటి దొరికి ఒకటి దొరకలేదు. తెరమీద రెండూ ఒకేలా ఉన్నాయి. క్యారెక్టర్ లెంగ్త్ అడిగితే ఒకదానికి 14, ఇంకోదానికి 15. ఆక్టెట్ లెంగ్త్, అంటే బైట్ల లెక్క, 42, 45. ‘పల్లి’కీ ‘గూడూరు’కీ మధ్య కనపడని 8204 కూర్చుంది, టైపింగ్ టూల్స్ పెట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు). దానివల్లా మాట తెగుతుంది. అందుకని క్రమం ఇట్టా పెట్టుకున్నాను: నార్మలైజ్, ఆపైన ట్రాన్స్‌లేట్‌తో 8203, 8204, 8205, 65279 అనే కనపడని గుర్తులు తీసేయడం, చివర పొల్లు మార్పు. ఇవన్నీ ఇమ్మ్యూటబుల్ (అదే ఇస్తే ఎప్పుడూ అదే జవాబిచ్చే) ఫంక్షన్లే కనక ఒక చిన్న ఎస్‌క్యూఎల్ ఫంక్షన్‌లో చుట్టి తనంతట తానే నిండే జనరేటెడ్ కాలమ్‌గా పెట్టొచ్చు. ఒక జాగ్రత్త: ఆ ఫంక్షన్ లోపల తర్వాత ఏం మార్చినా, ముందే నిల్వైన విలువలు వాటంతటవి మారవు. వరుసలన్నీ మళ్లీ రాయించాలి.

ఇంకా లొంగనివి చిన్న పేర్లు. కంభం, కంబం రెండు రకాలుగానూ రాస్తారు. వాటి పోలిక 0.25, ఎనిమిదింట రెండు. మా వైపు పాళెం, మిగతా చోట్ల పాలెం. బుచ్చిరెడ్డిపాళెం లాంటి పొడుగు పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా పోలిక 0.71 ఉంటుంది, ఇబ్బంది లేదు. నాలుగు కోడ్ పాయింట్ల పేరుకు భ లాంటి ఒక్క వత్తక్షరం తేడా చాలు, జాబితాలోంచి పోతుంది. ళ, ల ఒకటి చేసి, భ, బ ఒకటి చేసి రెండో కాలమ్ పెట్టాలనుంది. మొదటి కాలమ్‌లో కలిసినవి పైన, రెండోదాంట్లో కలిసినవి కింద. రెంటినీ ఒకే కాలమ్‌లో కలిపేయడం నాకు ఇష్టం లేదు, మా పాళెం పాళెంగానే ముందు రావాలి.

మా వాళ్లు బుచ్చిరెడ్డిపాళెం అని ఎవరూ పూర్తిగా కొట్టరు, బుచ్చి అంటారు. మామూలు పోలిక 0.316 వచ్చి అంచున వేలాడుతోంది. పొడుగు పేరులో దగ్గరి భాగంతోనే పోల్చే వర్డ్ సిమిలారిటీతో ఏడింట ఆరు, 0.857. ఫోన్‌లో వెతకడానికి అదే వాడండి. పలుకును బట్టి పోల్చే సౌండెక్స్, మెటాఫోన్ జోలికి పోవద్దు, యూటీఎఫ్ 8లో అవి సరిగ్గా నడవవని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే చెబుతుంది. ఎన్ని అక్షరాలు మార్చాలో లెక్కపెట్టే లెవెన్‌స్టైన్ నయం. పోస్ట్‌గ్రెస్‌ను డాకర్‌లో నడిపేటట్టయితే అల్పైన్ లైనక్స్ ఇమేజ్ కన్నా డెబియన్ లైనక్స్ ఇమేజే నాకు నమ్మకం, అల్పైన్‌లో ఉండే మజిల్ లైబ్రరీ లోకేల్ ప్రకారం వరుస పెట్టదు. డెబియన్‌లోనూ జీలిబ్‌సీ 2.28కి ముందు వెర్షన్ నుంచి పైకి వెళ్తుంటే టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయండి, అక్కడ వరుసక్రమం బాగా మారింది. తెలుగు డేటా చూడటానికి టర్మినల్ కంటే డీబీవర్ అనే టూల్ హాయి, టర్మినల్‌లో వత్తులు, గడులు కలిసిపోతాయి.

ఇక ఫోన్ వంతు. ఉదయగిరి కొండల వైపు వెళ్లినప్పుడు సిగ్నల్ నిలవదు, అందుకని మొత్తం ఫోన్‌లోనే ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి దించాలి. దాని వెతుకులాట భాగమైన ఎఫ్‌టీఎస్ 5లో మామూలుగా ఉండే యూనికోడ్ 61 టోకెనైజర్ (పాఠాన్ని మాటలుగా విడగొట్టేది) మనకు ఇంకా కష్టం. పొల్లే కాదు, గుణింతపు గుర్తుల దగ్గరా తెంచుతుంది. కేటగిరీస్ ఆప్షన్‌లో ఎంఎన్, ఎంసీ (ఈ గుర్తుల యూనికోడ్ తరగతులు) చేర్చితే మాట నిలబడుతుంది. 3.34 నుంచి ఉన్న ట్రైగ్రామ్ టోకెనైజర్ పొల్లునూ మిగతా వాటిలాగే లెక్కేస్తుంది, కానీ మూడు కోడ్ పాయింట్ల కన్నా చిన్న మాటను వెతకలేదు. ‘బు’ అని రెండు కొట్టగానే పేర్లు రాలాలంటే ప్రిఫిక్స్ ఇండెక్స్ (మాటల మొదటి అక్షరాల సూచిక) పక్కన ఉండాలి. ముందు ఉదయగిరి, వింజమూరు చెరువుల పేర్లతో రెండూ పెట్టి సైజు చూస్తాను. ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ ఎస్‌క్యూలైట్ ఫోన్‌ను బట్టి పాతది ఉంటుంది కాబట్టి లైబ్రరీని యాప్‌తోనే కట్టి పంపాలి. ఎవరైనా అట్టా కట్టి, తెలుగు పేర్లకు ప్రిఫిక్స్ ఇండెక్స్ పొడవు రెండు, మూడు, నాలుగులో ఏది పెట్టారో చెబితే నా పని సగం తగ్గుతుంది.