నా అయిదు ఫైళ్లు ఒకే బల్ల మీదికి వచ్చిన రోజు

మూడేళ్ల పాటు నా దగ్గర అయిదు ఫైళ్లు ఉండేవి. మెడ నొప్పికి ఒకటి, మోకాళ్లకు ఒకటి, కడుపు మంటకు ఒకటి, తలనొప్పికి ఒకటి, నిద్ర పట్టకపోవడానికి మరొకటి. తిరుపతిలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే నేను, 2018 చివరి నుంచి మూడో పీరియడ్ అయ్యేసరికి సుద్దముక్క పట్టుకోలేక వేళ్లు చాచి కూర్చునేదాన్ని. ఎముకల డాక్టరు నొప్పి మాత్రలు రాశారు. ఆ మాత్రల వల్ల వచ్చిన కడుపు మంటకు వేరే డాక్టరు వేరే మాత్రలు రాశారు. ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, థైరాయిడ్, ఎక్స్‌రే, ఎమ్మారై అన్నీ బాగానే ఉన్నాయని తేలిన ప్రతిసారీ ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకునేవారు. నాకు మాత్రం దిగులు పెరిగేది. ఒక డాక్టరైతే రిపోర్టులు తిరగేసి, "మనసులో ఏదో పెట్టుకున్నారమ్మా" అని పంపించేశారు.

2021లో ఒక రుమటాలజిస్టు, అంటే కీళ్లు, కండరాల జబ్బులు చూసే డాక్టరు, ఆ అయిదు ఫైళ్లనూ ఒకే బల్ల మీద పరిచి, దాదాపు గంటసేపు నేను చెప్పింది విన్నారు. శరీరంలో 19 చోట్ల పేర్లు చదువుతూ గత వారంలో ఎక్కడెక్కడ నొప్పి వచ్చిందని అడిగితే, నావి 13 తేలాయి. తెల్లవారి లేచినప్పుడు నిద్రపోయినట్టుగా ఉంటుందా, చెప్పబోయే మాట మరిచిపోతున్నారా అని కూడా అడిగారు. క్లాసులో పదకొండో ఎక్కం మధ్యలో ఆగిపోయి పిల్లల ముందు నిలబడ్డ సంగతి అప్పుడే మొదటిసారి బయటికి చెప్పాను. అది ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా నొప్పులు, అలసట, నిద్రలేమి, మతిమరుపు కలిసి ఏళ్ల తరబడి ఉండే జబ్బు అన్నారు. ధనుర్మాసంలో గుడి మైకును ఉదాహరణగా తీసుకుని, పాడేవారు మెల్లగానే పాడుతున్నా యాంప్లిఫయరు పెంచేసి ఉంటే వీధంతా అదిరినట్టు, నా నరాల వ్యవస్థ చిన్న సంకేతాన్ని కూడా పెద్దది చేసి వినిపిస్తోందని, అందుకే కండరంలో, కీలులో దెబ్బ ఏమీ కనబడకపోయినా నొప్పి మాత్రం నిజమేనని వివరించారు. "నిజమే" అన్న ఆ ఒక్క మాటకు నేను ఏడ్చాను.

ఆ తరువాతే అసలు చికిత్స మొదలైంది. అది ఒక్కరి చేతిలో జరగలేదు. రుమటాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు ముగ్గురూ నెలకొకసారి ఒకే గదిలో నా నోటు పుస్తకం చూసేవారు. అందులో నిద్ర, నడక, నొప్పి, ఆ రోజు చేసిన పని రాయడం నా వంతు. దీని విలువ మొదటి నెలలోనే తెలిసింది. రాత్రిపూట వేసుకోమని ఇచ్చిన 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలీన్ అనే, నొప్పి తగ్గించి నిద్ర పట్టించే మాత్ర వల్ల పొద్దున మత్తుగా ఉండి, వ్యాయామం ఎగ్గొడుతున్నాను. దాన్ని బద్ధకమనుకోకుండా ఫిజియోథెరపిస్టు ఆ విషయం డాక్టరు చెవిన వేస్తే, ఆయన మాత్ర వేళను పడుకునే ముందు నుంచి రాత్రి ఎనిమిదికి మార్చారు. విడివిడిగా తిరిగిన రోజుల్లో అయితే ఆ మత్తుకు ఆరో ఫైలు తయారయ్యేది.

2017లో యూరప్ రుమటాలజీ నిపుణులు సవరించిన సూచనల్లో గట్టిగా సిఫారసు చేసినది వ్యాయామం ఒక్కటేనని డాక్టరు చెప్పినప్పుడు, మంచం దిగలేని మనిషికి ఇదేం వైద్యమని కోపం వచ్చింది. ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో ఆరు నిమిషాల నడకతో మొదలుపెట్టించారు. పక్కనుంచి డెబ్బై ఏళ్ల పెద్దాయన నన్ను దాటిపోతుంటే సిగ్గేసేది.

సైకాలజిస్టు దగ్గరకు అనుమానంతోనే వెళ్లాను. ఆమె మాత్రం నొప్పి మొదలవగానే మొట్టమొదట మనసులో వచ్చే మాట ఏమిటని అడిగారు. "ఇక నా పని అయిపోయింది" అన్నాను. ఆ మాట వెనకే గుండె దడ, బిగుసుకునే భుజాలు, పట్టని నిద్ర, మరునాటి నొప్పి ఎలా వరుసకడతాయో నా పుస్తకంలోంచే చూపించారు. ఒక రోజు మా ఆయన్నీ అత్తగారినీ పిలిపించి మాట్లాడారు. "చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది కదా" అని నలుగురిలో అంటూ వచ్చిన అత్తగారు, ఆ వారం నుంచి గ్రైండరు రాయి నన్ను ఎత్తనివ్వలేదు.

నాలుగు నెలలకు ఒళ్లు తేలికపడింది. ఆ ధీమాతో, పాత మొక్కు ఉందని, ఎవరికీ చెప్పకుండా అలిపిరి మెట్ల దారి పట్టాను. 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర ఆగవలసింది, ఆగలేదు. తొమ్మిది రోజులు మంచం మీదే ఉన్నాను. తిట్లు తినడానికి సిద్ధపడి వెళితే, ఫిజియోథెరపిస్టు పుస్తకం వెనక్కి తిప్పి, బాగున్న ప్రతి రోజూ రెండింతల పని, ఆ వెనకే మూడు చెడ్డ రోజులు ఉన్న పేజీలన్నిటికీ పెన్సిలుతో గీతలు గీశారు. బాగున్న రోజు కొలత దాటకూడదు, బాగులేని రోజు పూర్తిగా మానకూడదు. చెప్పినంత సులువు కాదు. నాకు ఏడాది పట్టింది.

నొప్పి పూర్తిగా పోలేదు. పోతుందని వాళ్లెవరూ మాట ఇవ్వలేదు కూడా. కానీ ఏడు పీరియడ్లలో అయిదు నిలబడి చెబుతున్నాను, రోజూ ముప్ఫై అయిదు నిమిషాలు నడుస్తున్నాను, నొప్పి మాత్రల డబ్బా ఖాళీ అయ్యాక మళ్లీ కొనలేదు. మొన్న ఆదివారం అలిపిరిలో 120 మెట్లు ఎక్కి, ఇంకా ఓపిక ఉండగానే దిగి వచ్చి పుస్తకంలో రాసుకున్నాను. వచ్చే ఆదివారం కూడా 120 మెట్లేనని ఫిజియోథెరపిస్టు ముందే చెప్పి ఉంచారు.